చెయ్యి పైకెత్తేది ఎవరు? డెల్టాయిడ్ అని చెప్పి వైవాలో దొరికిపోయాను

ఎముకలసంచి

అందరికీ నమస్కారం. ఎంబీబీఎస్ ఫస్టియర్, ఇంటర్ దాకా తెలుగు మీడియం. మొన్న అప్పర్ లింబ్ వైవా అయింది. మేడమ్ చేతికి స్కాపులా (రెక్క ఎముక) ఇచ్చి ఏ వైపుదో చెప్పమన్నారు, చెప్పాను. తర్వాత చెయ్యి పక్కనుంచి పైకెత్తేది ఏ కండరం అన్నారు. డెల్టాయిడ్, అంటే జబ్బ కండరం, అన్నాను, అడక్కుండానే దాని నరం యాక్సిలరీ నర్వ్, మెడలోంచి వచ్చే దాని వేర్లు సి5, సి6 అని కూడా గడగడా అప్పజెప్పాను. ఆవిడ కాసేపు చూసి, "సరే, ఒకావిడకి డెల్టాయిడ్ బాగుంది, యాక్సిలరీ నర్వ్ కూడా బాగుంది, అయినా తల దువ్వుకోలేకపోతోంది, ఎందుకని?" అన్నారు. నోరు పెగల్లేదు. వెళ్ళి చదువుకుని వారం తర్వాత రమ్మన్నారు.

నా బాధేంటంటే కండరాల పట్టిక మొత్తం వచ్చు. ఎక్కడ పుడుతుంది, ఎక్కడ అతుక్కుంటుంది, ఏ నరం, ఏం చేస్తుంది, నాలుగు గడులూ కళ్ళు మూసుకుని రాస్తాను. కానీ ప్రశ్న కొంచెం పక్కకి తిప్పి అడిగితే బుర్ర ఆగిపోతుంది. మెడలోంచి చేతికి దిగే నరాల అల్లిక ఉంది కదా, ఆ బ్రేకియల్ ప్లెక్సస్ బొమ్మ కూడా వేయగలను, కానీ అది నాకు మెట్రో మ్యాపులా కనిపిస్తుంది తప్ప శరీరంలో ఎక్కడుందో ఊహకి రాదు.

ఇంకో రెండు డౌట్లు కూడా ఉన్నాయి. సబ్‌స్కాపులారిస్ కండరం రెక్క ఎముక ముందు వైపు ఉంటుంది కదా, దానికి ప్లెక్సస్‌లో వెనకుండే పోస్టీరియర్ కార్డ్ నుంచి నరం ఎందుకొస్తుంది? రెక్క ఎముక నుంచి చేతికి వెళ్ళే టెరిస్ మేజర్, టెరిస్ మైనర్ కండరాల పేర్లు అన్నదమ్ముల్లా ఉన్నాయి, రెండింటికీ నరం ఒకటేనా, వేరా? ఒక్కో నోట్సులో ఒక్కోలా ఉంది.

బ్యాక్‌బెంచ్_థర్డియర్

టెన్షన్ పడకు చెల్లెమ్మా, అందరం దొరికినవాళ్ళమే. ప్లెక్సస్‌కి 5, 3, 6, 3, 5 గుర్తుపెట్టుకో. ఐదు రూట్లు (సి5 నుంచి టి1), మూడు ట్రంకులు, ఆరు డివిజన్లు, మూడు కార్డులు, చివర ఐదు పెద్ద నరాలు. పోస్టీరియర్ కార్డ్ కొమ్మలకి "అల్ట్రా": యూ అంటే అప్పర్ సబ్‌స్కాపులార్, ఎల్ అంటే లోయర్ సబ్‌స్కాపులార్, టీ థొరాకోడోర్సల్, ఆర్ రేడియల్, ఏ యాక్సిలరీ. పక్కటెముకల మీది కండరం సెరేటస్ యాంటీరియర్‌కి సి5, 6, 7. టెరిస్‌లు రెండూ యాక్సిలరీయే. ఇంత రాస్తే పాస్. మిగతాదంతా ఆర్థో పోస్టింగ్‌లో దానంతటదే వస్తుంది.

హాల్లో_పదకొండేళ్ళు

పై తమ్ముడు చెప్పినదాంట్లో టెరిస్‌ల మాట తప్పు, ముందు అది కొట్టేయండి. టెరిస్ మైనర్‌కి మాత్రమే యాక్సిలరీ. టెరిస్ మేజర్‌కి లోయర్ సబ్‌స్కాపులార్. మేజర్ పేరుకే మైనర్‌కి అన్న, పని చూస్తే వీపు కండరం లాటిసిమస్ డోర్సైకి తమ్ముడు. మైనర్ చేతిని బయటికి తిప్పుతుంది, మేజర్ లోపలికి తిప్పుతుంది. పేరు చూసి చుట్టరికం కలపకూడదు.

నేను అనాటమీలో ట్యూటర్ని. మీ మేడమ్ ప్రశ్న మంచి ప్రశ్న, నేనూ అదే అడుగుతాను. జవాబు రాకపోవడానికి కారణం మీరు చదివిన పట్టికే. పట్టికలో ఒక్కో కండరం ఒంటరిగా ఒక వరుసలో కూర్చుంటుంది, శరీరంలో ఏ కండరమూ ఒంటరిగా పనిచేయదు.

చేతిని తెలుగులో రెక్క అంటాం, రెక్కాడితే గానీ డొక్కాడదంటాం, వీపు మీదున్న ఆ బల్లపరుపు ఎముకని కూడా రెక్క ఎముకే అంటాం. ఆ మాటని అక్షరాలా తీసుకోండి. చెయ్యి ఎత్తడమంటే చెయ్యి ఒక్కటే లేవడం కాదు, రెక్క ఎముక కూడా తిరగాలి. చెయ్యి 180 డిగ్రీలు పైకి వెళ్తే అందులో సుమారు 120 భుజం కీలులో, మిగతా 60 రెక్క ఎముక పక్కటెముకల మీద జారుతూ తిరగడం వల్ల వస్తాయి. నమ్మకం కుదరకపోతే మీ రూమ్మేట్ రెక్క ఎముక కింది మూల మీద బొటనవేలు పెట్టి చెయ్యి ఎత్తమనండి, ఆ మూల మీ వేలు కిందనుంచి చంక వైపు పారిపోతుంది.

ఇప్పుడు పని ఎవరెవరు పంచుకుంటారో చూడండి. మొదలుపెట్టేది సుప్రాస్పైనేటస్, పుస్తకం లెక్కలో మొదటి 15 డిగ్రీలు. దాని నరం సుప్రాస్కాపులార్, అప్పర్ ట్రంక్ నుంచి వస్తుంది. అక్కడినుంచి 90 దాకా డెల్టాయిడ్, దానికి యాక్సిలరీ. ఆ పైన రెక్క ఎముకని తిప్పి, చేతి ఎముక తల ఆనే దాని గిన్నె ఆకాశం వైపు చూసేలా చేసేవి రెండు, ట్రెపీజియస్ పైనుంచి లాగుతుంది, సెరేటస్ యాంటీరియర్ కింది మూలని ముందుకి గుంజుతుంది. ట్రెపీజియస్‌కి స్పైనల్ యాక్సెసరీ, అంటే పదకొండో కపాల నరం, ప్లెక్సస్‌తో దానికి సంబంధమే లేదు. సెరేటస్‌కి లాంగ్ థొరాసిక్, అది రూట్ల నుంచే నేరుగా దిగుతుంది. నాలుగు కండరాలు, నాలుగు నరాలు, నాలుగూ నాలుగు దారుల్లో వస్తాయి. డెల్టాయిడ్ బాగుండీ ఆవిడ తల దువ్వుకోలేకపోతే మిగతా మూడింట్లో ఏది పడుకుందో వెతకాలి. తల దువ్వుకోవడానికి చెయ్యి బయటికి తిరగడం కూడా కావాలి, కాబట్టి ఆ పని చేసే ఇన్‌ఫ్రాస్పైనేటస్‌ని కూడా అనుమానించాలి. మీ మేడమ్ వినాలనుకున్నది ఇదే.

ఒక చిన్న విషయం పట్టికలో కనిపించదు. ట్రెపీజియస్ అతుక్కునే చోటు, డెల్టాయిడ్ పుట్టే చోటు ఒకటే: కాలర్ ఎముక బయటి మూడో వంతు, అక్రోమియన్ (భుజం కొసన రెక్క ఎముక మొన), రెక్క ఎముక వెన్ను. మూపు మీదుగా దిగిన కండరం ఎక్కడ ఆగిందో జబ్బ కండరం అక్కడే మొదలవుతుంది. ఎముక మీద ఆ గీతని వేలితో రాస్తూ చూస్తే రెండు కండరాలు ఒకేసారి వచ్చేస్తాయి.

ఇక భుజం గిన్నె. గిన్నె అని పేరే గానీ నిజానికి అది పళ్ళెం. లోతులేని చిన్న పళ్ళేనికి బత్తాయి ఆనించినట్టుంటుంది. అందుకే చేతి ఎముక తల జారిపోకుండా నాలుగు కండరాలు చుట్టూ పట్టుకుని ఉంటాయి, అదే రొటేటర్ కఫ్. పైన సుప్రాస్పైనేటస్, వెనక ఇన్‌ఫ్రాస్పైనేటస్, టెరిస్ మైనర్, ఈ మూడూ చేతి ఎముక పెద్ద గుబ్బకి అతుక్కుంటాయి. ముందు సబ్‌స్కాపులారిస్, అది చిన్న గుబ్బకి. కింద ఎవరూ లేరు. కాపలా లేని ఆ దారినే తల కిందికి దిగి ముందుకి వచ్చేస్తుంది, భుజం జారిందంటే నూటికి తొంభై పైగా ముందుకే. దాని కిందుగా వెనక్కి చుట్టుకుని పోయేది యాక్సిలరీ నర్వ్. భుజం జారినవాళ్ళందరిలో సరిచేసే ముందూ తర్వాతా జబ్బ బయటివైపు చర్మం మీద స్పర్శ చూడమని అందుకే పదేపదే చెబుతారు.

ప్లెక్సస్ సంగతి విడిగా రాస్తాను, క్లాసుకి టైమైంది.

హాల్లో_పదకొండేళ్ళు

మళ్ళీ వచ్చాను. సబ్‌స్కాపులారిస్ డౌట్ బాగుంది, దాంట్లోంచే ప్లెక్సస్ మొత్తం లాగొచ్చు.

మెట్రో మ్యాప్ పక్కన పెట్టండి. చంకని ఒక గది అనుకోండి. ముందు గోడ పెక్టోరల్ కండరాలు. వెనక గోడ సబ్‌స్కాపులారిస్, టెరిస్ మేజర్, లాటిసిమస్ డోర్సై. లోపలి గోడ పక్కటెముకల మీద పరుచుకున్న సెరేటస్ యాంటీరియర్. బయటి గోడ చేతి ఎముక, దానికి ఆనుకుని కోరాకోబ్రేకియాలిస్, బైసెప్స్. గది నడుమ స్తంభంలా యాక్సిలరీ ఆర్టరీ, అంటే చేతికి రక్తం తెచ్చే ధమని. దాన్ని చుట్టుకుని మూడు కార్డులు, లాటరల్ బయటివైపు, మీడియల్ లోపలివైపు, పోస్టీరియర్ వెనక. పేర్లు ఆ ఆర్టరీ రెండో భాగాన్ని బట్టి పెట్టినవే. ఇప్పుడు చెప్పండి, వెనక గోడకి నరాలు ఎవరిస్తారు? వెనకున్న కార్డే. సబ్‌స్కాపులారిస్ రెక్క ఎముకకి ముందున్నా గదికి వెనక గోడే. ముందు గోడకి మీడియల్, లాటరల్ కార్డుల నుంచి పెక్టోరల్ నరాలు. బయటి గోడకి లాటరల్ కార్డ్ నుంచి మస్క్యులోక్యుటేనియస్. లోపలి గోడ మీదుగా లాంగ్ థొరాసిక్. రొమ్ము ఆపరేషన్లలో చంకలో బిళ్ళలు తీసేటప్పుడు సర్జన్లు కాపాడుకోవాల్సిన రెండు నరాలు ఈ గోడల మీదివే, లోపలి గోడ మీద లాంగ్ థొరాసిక్, వెనక గోడ మీద థొరాకోడోర్సల్.

ప్లెక్సస్ అన్న లాటిన్ మాటకి అర్థం అల్లిక. జడ అల్లడం చూసే ఉంటారుగా, ఐదు పాయలు మెడలోంచి దిగి పై రెండూ కలుస్తాయి, కింది రెండూ కలుస్తాయి, మధ్యది ఒంటరిగా వస్తుంది, అవి మూడు ట్రంకులు. ఒక్కోటీ ముందు పాయ, వెనక పాయగా చీలుతుంది. వెనక పాయలు మూడూ కలిస్తే పోస్టీరియర్ కార్డ్, అది చేతి వెనక వైపు కండరాలది, ట్రైసెప్స్ నుంచి మణికట్టు, వేళ్ళు పైకెత్తేవాటి దాకా. ముందు పాయలు ముందు వైపు కండరాలకి. ఈ ముందు వెనకల విభజన పిండంలో చెయ్యి మొగ్గలా ఉన్నప్పుడే అయిపోతుంది, అల్లికంతా ఆ లెక్క తేల్చుకోవడానికే. ఇది బుర్రకెక్కితే సగం బట్టీ తప్పుతుంది.

డిసెక్షన్ హాల్లో అయితే మెడ దగ్గర మొదలుపెట్టకండి, అక్కడ ఏమీ దొరకదు, టేబుల్ చుట్టూ తోసుకోవడమే మిగులుతుంది. కోరాకోబ్రేకియాలిస్‌ని పొడుచుకుని లోపలికి దూరే నరం ఒకటే ఉంటుంది, అది మస్క్యులోక్యుటేనియస్. దాన్ని పట్టుకుని వెనక్కి వెళ్తే లాటరల్ కార్డ్. ఆ కార్డ్ రెండో కొమ్మ పట్టుకుని దిగితే మీడియన్. మీడియన్ రెండో వేరు పట్టుకుని ఎక్కితే మీడియల్ కార్డ్. దాని మిగతా కొమ్మ అల్నార్. ఆర్టరీ మీద ఇంగ్లీషు ఎమ్ అక్షరం పరిచినట్టు కనిపిస్తుంది. తర్వాత ఆర్టరీని పక్కకి జరిపి వెనక చూస్తే లావుగా రేడియల్, దాని పక్కన వెనక్కి మలుపు తిరిగి మాయమైపోయేది యాక్సిలరీ. ఐదూ వచ్చేశాయి.

గోడనెట్టు_ఫిజియో

మేడమ్ గారు (సార్ అయితే క్షమించాలి) అంతా బాగా చెప్పారు, ఒక్కదాంట్లో నాకు పేచీ ఉంది. ఆ మొదటి 15 డిగ్రీలు సుప్రాస్పైనేటస్ ఒక్కటే చేస్తుంది, తర్వాత డెల్టాయిడ్‌కి అప్పగించి విశ్రాంతి తీసుకుంటుంది అన్నట్టు పిల్లలు అర్థం చేసుకుంటున్నారు. కండరాల్లో కరెంటు కొలిచే ఈఎంజీ పరీక్షల్లో రెండూ దాదాపు మొదటి నుంచీ చివరిదాకా పనిచేస్తూనే కనిపిస్తాయి. డెల్టాయిడ్ ఒక్కటే లాగితే చేతి ఎముక తల నిలువుగా పైకెళ్ళి అక్రోమియన్‌కి కొట్టుకుంటుంది. కఫ్ కండరాలు ఆ తలని కిందికీ లోపలికీ అదిమి పడితేనే డెల్టాయిడ్ లాగినదానికి ఫలితం. నిచ్చెన ఎక్కేవాడు ఒకడు, కింద కాలు పెట్టి పట్టుకునేవాడు ఒకడు. పట్టుకున్నవాడు మొదటి రెండు మెట్లకే వదిలేస్తే ఎలా?

అలాగే రెక్క ఎముక తిరగడం 90 దాటాకే మొదలవదు, 30 దాటిన దగ్గర్నుంచే సుమారు రెండుకి ఒకటి లెక్కన కూడా తిరుగుతూ ఉంటుంది.

ఇక చెల్లెమ్మ అడిగిన అసలు విషయం, ఎలా నేర్చుకోవాలి. మంచాలు పక్కకి జరిపి రూమ్మేట్ మీద చెయ్యి.

గోడకి రెండు అరచేతులూ ఆనించి నెట్టమను, వెనకనుంచి చూడు. సెరేటస్ పడుకుంటే రెక్క ఎముక లోపలి అంచు కోడిపిల్ల రెక్కలా లేచి నిలబడుతుంది. నా క్లినిక్‌కి వచ్చినవాళ్ళలో ఇది చూశాక మర్చిపోలేదు, అప్పటిదాకా నాకూ లాంగ్ థొరాసిక్ అంటే ఒక పరీక్ష మార్కే. చెయ్యి వెనక్కి పెట్టి, అంటే జాకెట్టు వెనక ముడి వేసుకున్నట్టు నడుము మీద పెట్టి, అక్కడినుంచి చేతిని వీపుకి దూరంగా లేపమను, అది సబ్‌స్కాపులారిస్. మోచేయి నడుముకి ఆనించి తలుపు తెరిచినట్టు ముంజేతిని బయటికి నెట్టమను, నువ్వు అడ్డుపెట్టు, అది ఇన్‌ఫ్రాస్పైనేటస్. వాలీబాల్ ఎక్కువగా ఆడి స్మాష్‌లు కొట్టేవాళ్ళలో కొందరికి ఈ ఒక్క కండరమే కరిగిపోయి రెక్క ఎముక వెన్ను కింద గుంట పడుతుంది, సుప్రాస్పైనేటస్ మాత్రం నిక్షేపంగా ఉంటుంది. ఎందుకంటే సుప్రాస్కాపులార్ నరం ముందు పైదానికి కొమ్మ ఇచ్చి, ఎముక గొంతు దగ్గర మలుపు తిరిగి కిందికి దిగుతుంది, నొక్కుకుపోయేది ఆ మలుపులో. నరం దారి తెలిస్తే దెబ్బ ఎక్కడ తగిలిందో కండరమే చెబుతుంది.

ఇంజక్షన్ చోటు కూడా ఇదే పాఠం. కోవిడ్ టీకా జబ్బకే కదా వేశారు. అక్రోమియన్ అంచు నుంచి రెండు మూడు వేళ్ళ కింద, కండరం నడుమ వేయాలి. మరీ పైన వేస్తే కీలు పక్కనున్న నీటితిత్తిలో పడుతుంది, మరీ కిందికి దిగినా వెనక్కి జరిగినా యాక్సిలరీ దారిలోకి వెళ్తాం, ఆ నరం అక్రోమియన్‌కి దాదాపు 5 నుంచి 7 సెంటీమీటర్ల కింద డెల్టాయిడ్ లోపలివైపు అడ్డంగా పోతుంది.

హాల్లో_పదకొండేళ్ళు

మేడమే, క్షమించాల్సింది ఏమీ లేదు. మీరు చెప్పింది నిజం, నిచ్చెన పోలిక నేను దొంగిలిస్తున్నాను. కానీ అమ్మాయ్, పరీక్షలో 15 అనే రాయి. రాసి, కింద ఒక వాక్యంలో రెండూ కలిసే పనిచేస్తాయని చేర్చు. దిద్దేవాళ్ళ దగ్గర ఉండే కీలో 15 ఉంటుంది, నీ వాక్యం చదివి మురిసిపోయే ఓపిక అందరికీ ఉండదు.

బ్యాక్‌బెంచ్_థర్డియర్

టెరిస్ మేజర్ విషయంలో చెంపలేసుకుంటున్నా. అదే తప్పుతో రెండేళ్ళు బతికేశాను, పాస్ కూడా అయ్యాను, అది వేరే సంగతి.

పరిహారంగా ఒకటి చెబుతా. జబ్బ వరకు నరాలు చాలా తేలిక. ముందు గదిలో మూడు కండరాలు, బైసెప్స్, బ్రేకియాలిస్, కోరాకోబ్రేకియాలిస్, మూడూ మస్క్యులోక్యుటేనియస్ (బ్రేకియాలిస్ బయటి ముక్కకి రేడియల్ కూడా కొంచెం చెయ్యి వేస్తుంది). వెనక గదిలో ట్రైసెప్స్, రేడియల్. మీడియన్, అల్నార్ రెండూ నాన్‌స్టాప్ బస్సులు, జబ్బలో ఒక్క కండరానికీ ఆగవు, మోచేయి దగ్గరికొచ్చాకే స్టాపులు. అల్నార్ మోచేయి వెనక ఎముక గాడిలో తోలు కిందే పోతుంది కాబట్టి అక్కడ తలుపు తగిలితే చిటికెన వేలి దాకా జివ్వుమంటుంది.

ఇంకోటి, నిన్న క్యాజువాలిటీలో చూసింది. బైక్ మీదనుంచి పడి జబ్బ ఎముక నడుమ విరిగింది. మణికట్టు వేలాడిపోయింది, రేడియల్ పోయింది అనుకున్నాం, కానీ మోచేయి మాత్రం బాగానే చాపుతున్నాడు. ట్రైసెప్స్‌కి కూడా రేడియలే కదా, మరి అదెలా పనిచేస్తోందని నేను బుర్ర గోక్కుంటుంటే పీజీ అన్న చెప్పాడు, రేడియల్ జబ్బ ఎముక వెనక ఉన్న గాడిలోకి దిగకముందే ట్రైసెప్స్ కొమ్మలు చాలావరకు పైనే విడిపోతాయట. విరిగింది దాని కింద. నీ పట్టికలో "ట్రైసెప్స్, రేడియల్" అని ఒక్క ముక్కే ఉంటుంది, ఎంత ఎత్తులో అన్నది ఉండదు.

ఎముకలసంచి

అందరికీ థాంక్స్. రాత్రి రూమ్మేట్ వీపు మీద స్కెచ్ పెన్నుతో రెక్క ఎముక గీసి చెయ్యి ఎత్తించాను, గీసిన బొమ్మ అక్కడే ఉండిపోయింది, ఎముక కిందనుంచి జారిపోయింది! ఇద్దరం అరగంట నవ్వుకున్నాం. పొద్దున్న ఆ ఇంకు పోక అది నన్ను తిట్టింది, అది వేరే కథ.

చంక గది బాగా పట్టుకున్నాను. ఇప్పుడు ఎర్బ్స్ పాల్సీ నేనే చెబుతాను, తప్పయితే దిద్దండి. అప్పర్ ట్రంక్ అంటే సి5, సి6. అది పోతే సుప్రాస్పైనేటస్, డెల్టాయిడ్ లేవు కాబట్టి చెయ్యి ఒంటికి ఆనుకుని వేలాడుతుంది. ఇన్‌ఫ్రాస్పైనేటస్, టెరిస్ మైనర్ లేవు కాబట్టి లోపలికి తిరిగిపోతుంది. బైసెప్స్, బ్రేకియాలిస్ లేవు కాబట్టి మోచేయి చాపుకుని ఉంటుంది, బైసెప్స్ పోయినందుకే అరచెయ్యి వెనక్కి చూస్తుంది. అదే పోలీసు వెనక్కి చెయ్యి చాపి మామూలు పుచ్చుకునే భంగిమ. కరెక్టేనా?

హాల్లో_పదకొండేళ్ళు

కరెక్ట్. కాన్పులో బిడ్డ తల వచ్చి భుజం ఇరుక్కుపోయినప్పుడు మెడ, భుజం ఎడం ఎక్కువైతే వచ్చేది ఇదే, బైక్ మీదనుంచి భుజం ఆనేలా పడితే పెద్దవాళ్ళకీ ఇదే. దీనికి తిరగేసింది కింది ట్రంక్ దెబ్బ, క్లుంప్కే, సి8, టి1. పడిపోతూ కొమ్మ పట్టుకుని వేలాడితే చెయ్యి పైకి గుంజుకుపోయి వస్తుంది, అప్పుడు భుజం బాగుండి అరచేతిలో చిన్న కండరాలు పోతాయి. 1885లో దీన్ని వర్ణించిన అగస్టా క్లుంప్కే అప్పటికి మెడికల్ స్టూడెంటే, పారిస్ ఆసుపత్రుల్లో ఆడవాళ్ళని ఇంటర్న్‌లుగా తీసుకోవడానికి కొట్లాట జరుగుతున్న రోజులు. వైవాలో దొరికిపోయిన అమ్మాయికి చెప్పాలనిపించింది.

కాలవగట్టు

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి, నేను డాక్టర్ని కాదు, మెడికల్ స్టూడెంట్‌ని కూడా కాదు. భుజం నొప్పి గురించి వెతుకుతుంటే ఇది కనిపించింది, అర్థమైనంత చదివాను.

మా అమ్మకి 52. ఎడమ మెడ పక్కన బిళ్ళ కట్టింది, రెండున్నర నెలల కిందట ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చిన్న కోత పెట్టి దాన్ని తీసి పరీక్షకి పంపారు. టీబీ అని వచ్చింది, మందులు వాడుతోంది, బిళ్ళల సంగతి బాగానే ఉంది. కానీ కోత పెట్టిన వారం నుంచీ ఎడమ చెయ్యి భుజం ఎత్తు దాటి లేవట్లేదు. దండెం మీద బట్టలు ఆరేయలేకపోతోంది, జడ నేనో మా చెల్లో వేస్తున్నాం. అడిగితే ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు, సుగర్ ఉందా అన్నారు, లేదు. వ్యాయామాలు రాసిచ్చారు, నెలన్నరగా చేస్తోంది, రవ్వంత మార్పు లేదు. పైన ట్రెపీజియస్ నరం మెడలోంచి వస్తుందని చదివి భయమేసింది. దీనికీ దానికీ ఏమైనా సంబంధం ఉంటుందా అండీ?

గోడనెట్టు_ఫిజియో

అండీ, రెండు విషయాలు ఇప్పుడే చూసి చెప్పండి. ఒకటి, అమ్మగారు చెయ్యి వదులుగా వదిలేస్తే మీరు పట్టుకుని మెల్లగా పైకెత్తండి, మీరెత్తితే పూర్తిగా వెళ్తుందా, మధ్యలో బిగుసుకుని ఆగిపోతుందా? రెండు, వెనకనుంచి చూస్తే రెండు భుజాలూ ఒక ఎత్తులో ఉన్నాయా?

కాలవగట్టు

చూశానండీ. నేనెత్తితే చెవి దాకా వెళ్ళింది, చివర్లో కొంచెం నొప్పి అంది అంతే. వదిలేస్తే పడిపోతోంది. వెనకనుంచి చూస్తే ఎడమ భుజం జారి ఉంది, మెడకీ భుజానికీ మధ్య కుడివైపు కండ ఉంది, ఎడమవైపు పలచగా గుంటలా ఉంది. ఇన్నాళ్ళూ పైట కప్పుకుని ఉండటంతో మేమెవరం గమనించలేదు.

గోడనెట్టు_ఫిజియో

ఫ్రోజెన్ షోల్డర్ అంటే కీలే బిగుసుకుపోవడం. అప్పుడు తనంతట తనెత్తినా, ఇంకొకరెత్తినా ఒకే చోట ఆగాలి. మీరెత్తితే వెళ్తోందంటే కీలు బాగుంది, ఎత్తే కండరంలో బలం లేదు. ఇక్కడినుంచి చూసి ఇదే జబ్బని నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా, కానీ మీరు రాసినవన్నీ స్పైనల్ యాక్సెసరీ నరం వైపే వేలు చూపిస్తున్నాయి. ఆ నరం మెడ పక్కన చర్మానికి చాలా దగ్గరగా, బిళ్ళల మధ్యనుంచే పోతుంది. అక్కడ బిళ్ళ తీసేటప్పుడు దానికి దెబ్బ తగలడం వైద్యంలో బాగా తెలిసిన ప్రమాదం. కొందరు "భుజం ఎగరేయమ్మా" అని చూసి, కొంచెం ఎగరేసింది కాబట్టి నరం బాగుందంటారు, దానికి మోసపోకండి, మెడలో ఇంకో కండరం కూడా భుజాన్ని కొంచెం పైకి లాగగలదు, దాని నరం వేరు. తల తిప్పే కండరానికి కూడా ఇదే నరం, కానీ దాని కొమ్మ ఇంకా పైనే విడిపోతుంది కాబట్టి తల మామూలుగానే తిప్పగలుగుతారు. థర్డియర్ తమ్ముడు చెప్పిన రేడియల్ కథే, మెడలో.

హాల్లో_పదకొండేళ్ళు

దీనికి ఆలస్యం చేయకండి. వ్యాయామాలు ఇంకో మూడు నెలలు చేసి చూద్దాం అనేవాళ్ళుంటారు, వినకండి. తెగిన నరం కుట్టినా అది రోజుకి మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది, నరం అందని కండరం ఏడాది, ఏడాదిన్నరలో తిరిగి రానంతగా ఎండిపోతుంది. అందుకే మొదటి ఆరు నెలల్లోపు చూపిస్తే చేయగలిగింది ఎక్కువ. నర్వ్ కండక్షన్, ఈఎంజీ పరీక్షలు చేయించి, నరాల ఆపరేషన్లు చేసే ప్లాస్టిక్ సర్జన్‌కి చూపించండి, పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉంటుంది. నరం నలిగిందో తెగిందో వాళ్ళే తేలుస్తారు, నలిగిందే అయితే కోత లేకుండానే కోలుకోవచ్చు. ఎవరి తప్పు అన్న పంచాయితీ తర్వాత పెట్టుకోవచ్చు, ముందు ఆవిడ చెయ్యి.

ఎముకలసంచి

మేడమ్ గారూ, నాకు ఇప్పుడర్థమైంది. డెల్టాయిడ్ బాగుంది, యాక్సిలరీ బాగుంది, తల దువ్వుకోలేకపోతోంది. మా మేడమ్ అడిగిన ఆవిడ కాలవగట్టు గారి అమ్మగారే. నేను ప్రశ్నని ప్రశ్నలాగే చూశాను, దాని వెనక ఇంట్లో ఎవరో జడ వేయించుకుంటున్నారన్న ఆలోచనే రాలేదు. కాలవగట్టు అన్నా, ఏమైందో ఇక్కడ రాయండి ప్లీజ్.

కాలవగట్టు

రాస్తాను చెల్లెమ్మా. గురువారం ఓపీకి తీసుకెళ్తున్నాం, ఈఎంజీ కూడా అక్కడే ఉందట. ఒక్క సందేహం, మెడ కోత కాగితాల్లో నరం గురించి ఒక్క ముక్క లేదు, "ఎడమ మెడ బిళ్ళ తీశాం" అని, బయాప్సీ రిపోర్టు, అంతే. ఇవి చాలా?

గోడనెట్టు_ఫిజియో

చాలు. మచ్చ ఎక్కడుందో చూస్తే వాళ్ళకి సగం తెలిసిపోతుంది. కోత పెట్టిన తేదీ, చెయ్యి లేవడం మానేసిన తేదీ మాత్రం ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్ళండి, వాళ్ళు ముందు అడిగేది అదే. టీబీ మందులు ఒక్క పూట కూడా ఆపొద్దు. అప్పటిదాకా అమ్మగారు ఎడమ చేత్తో బిందెలు, బకెట్లు మోయకుండా చూడండి, కూర్చున్నప్పుడు ముంజేయి కింద దిండు పెట్టండి, జారిన భుజం బరువుకి మెడ నొప్పి కూడా వస్తుంది.